అచ్చెక్కిన గుట్టు



ఆదివారం పూట మీరెప్పుడైనా బెంగుళూరు అవెన్యూ రోడ్డు మీదుగా తీరిగ్గా నడిచారా? పాతవాళ్ళు దాన్ని దొడ్డపేట అనేవారు. అంగళ్ళ మెట్ల మీదా, గోడల పక్కనా పాత పుస్తకాలు రాశులు పోసి ఉంటాయి. ఇంజనీరింగు గైడ్ల అడుగున చెయ్యి పెడితే ఒక్కోసారి వేరే సరుకు తగులుతుంది. అట్ట ఉండదు. కాగితం బెల్లం రంగుకు తిరిగి, మడిస్తే విరిగేటట్టు ఉంటుంది. లోపల మాత్రం నల్లటి గుండ్రని తెలుగు అక్షరాలు, నిన్న అచ్చు వేసినట్టు నిక్కచ్చిగా కనిపిస్తాయి. మూలికల మర్మం, గౌళి శాస్త్రం, స్త్రీల వైద్యం, ఇంద్రజాలం, తేలుకాటుకు మంత్రం ఇలాంటి సంగతులన్నీ ఒకే బైండులో కలిపి కుట్టి ఉంటాయి. ఈ రోజు నేను మీతో మాట్లాడబోయేది ఆ పుస్తకాల గురించే.

అలాంటిది మా ఇంట్లోనూ ఒకటి ఉంది. కోలారు జిల్లాలో మా అమ్మమ్మగారి ఊళ్ళో పసుపు గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టి ఉండేది. తొలి పేజీ లేదు కాబట్టి దాని పేరేమిటో, రాసిందెవరో, ఎక్కడ అచ్చయిందో ఎవరికీ తెలియదు. ఇంట్లో అందరూ దాన్ని “పెద్ద పుస్తకం” అనేవారు. మా పెద్ద మామయ్యకు ఒకసారి పొట్ట బిగిసి నాలుగు రోజులు విడవలేదు. ఆయన పుస్తకం దించి చూసుకున్నారు. నేపాళ గింజలు అని ఉంది. పచారి అంగడిలో దొరికాయి. నూరి మింగారు. ఆ రాత్రి తెల్లవారేలోగా మనిషి పీనుగులా అయిపోయారు. బండి కట్టి పట్నం తీసుకుపోతే మూడో రోజుకు కళ్ళు తెరిచారు.

తర్వాత తెలిసిందేమిటంటే, పుస్తకం తప్పు చెప్పలేదు. “శుద్ధి చేసిన” నేపాళం అనే రాసి ఉంది. ఆ శుద్ధి ఎలా చెయ్యాలో చెప్పే రెండు పేజీలు చెదలు తినేసింది. గింజలో మధ్యనుండే మొలక తీసేసి, పాలలో ఉడకబెట్టి, ఆరబెట్టి, అప్పుడు రవ్వంత వాడవలసిన వస్తువు అది. పైగా కొన్ని ఊళ్ళలో అడవి ఆముదాన్ని కూడా నేపాళమనే అంటారు. మామయ్య మింగింది ఏదో ఈనాటికీ తేలలేదు. ఆ మర్నాడే మా అమ్మమ్మ ఒక దబ్బనం, పురికొస తీసుకుని ఆ పుస్తకాన్ని నాలుగు వైపులా కుట్టేసింది.

ఆ కుట్టు సంగతి అలా ఉంచండి. అసలు ఇంత ప్రమాదమైన విషయం అచ్చులోకి ఎలా వచ్చింది?

అచ్చుకు ముందు వైద్యం తాటాకుల మీద ఉండేది, మనిషి నోట్లో ఉండేది. తాటాకులో సగమే రాసేవారు. మిగతా సగం గురువు పక్కన కూర్చుని నేర్చుకోవాలి. పసరు మందు ఇచ్చే మనిషి ఇప్పటికీ ఆకు పేరు చెప్పడు. చెబితే పని చెయ్యదంటాడు. మనం దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తాం. కొంత నమ్మకమే, కొంత పొట్టకూటి లెక్క కూడా. కానీ అందులో మరొకటి ఉంది. ఆకు పేరు చెప్పకపోతే మందు ఎంత, ఎప్పుడు, ఎవరికి అనే మూడు నిర్ణయాలూ మందిచ్చేవాడి చేతిలోనే ఉంటాయి. మా మామయ్య విషయంలో జరిగింది ఈ మూడూ చేతులు మారడమే.

తెలుగు అక్షరాల అచ్చు మొదలైంది జర్మనీలో. 1740లలో హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ కొన్ని క్రైస్తవ పుస్తకాలు తెలుగులో వేయించాడు. తర్వాత 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది, దానికి అచ్చుకూటమూ వచ్చింది. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం 1816లో అక్కడే అచ్చయింది. 1835లో అచ్చుకూటాల మీద ఆంక్షలు సడలాక మనవాళ్ళూ సొంత యంత్రాలు పెట్టుకున్నారు. 1854లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు గారు మద్రాసులో మొదలుపెట్టిన ముద్రణ సంస్థ పేరు వినని తెలుగు ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. భారతం, భాగవతం, శతకాలు వేసిన చోటనే వైద్య గ్రంథాలూ వచ్చాయి. పురాణం ఏడాదికి ఒకసారి చదువుతారు, జ్వరం నెలకోసారి వస్తుంది. అచ్చు వేసేవాడికి ఈ లెక్క బాగా తెలుసు.

అలా అచ్చెక్కిన వాటిలో తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవలసినవి రెండు ఉన్నాయి. ఒకటి కొత్తూరు బసవరాజు రాసిన బసవరాజీయం. ఆయన వీరశైవుడు. సంస్కృత శ్లోకాలూ, తెలుగూ కలగలిపి రాశాడు. సంస్కృతం రాని ఊరి వైద్యుడు కూడా అందుకోగలిగేటట్టు నాడి చూడడం నుంచి చికిత్స దాకా చెప్పుకొచ్చాడు. రెండోది ఇంద్రకంటి వల్లభాచార్యుల వైద్యచింతామణి. ఇవి ఏదో అటక మీది పుస్తకాలు అనుకోకండి. మన దేశంలో 1940 నాటి ఔషధాల చట్టం మొదటి షెడ్యూలులో ఆయుర్వేదానికి ప్రమాణ గ్రంథాల జాబితా ఉంది. చరకసంహిత, అష్టాంగహృదయాల వరసలో ఈ రెండు పేర్లూ ఉన్నాయి. మందుల కంపెనీ సీసా మీద చీటీ అతికించే ముందు చూపించవలసిన ఆధారాల్లో ఇవి కూడా చెల్లుతాయన్నమాట.

ఈ మోజు మనకొక్కరికే కాదు. 1555లో వెనిస్ నగరంలో అలెస్సియో అనే మతగురువు పేరుతో ఇటాలియన్ భాషలో ఒక “రహస్యాల” పుస్తకం వచ్చింది. మందులు, అత్తర్లు, రంగులు, జాబితా పెద్దది. అది యూరప్‌లోని పలు భాషల్లోకి పాకింది. 1684లో లండనులో అరిస్టాటిల్ పేరు పెట్టి గర్భం, ప్రసవాల గురించి ఒక పుస్తకం వేశారు. అందులో అరిస్టాటిల్ రాసింది ఏమీ లేదు. అయినా రెండు వందల ఏళ్ళకు పైగా చాటుమాటుగా అమ్ముడుపోయింది. పెద్దవాడి పేరు, రహస్యమనే మాట, ఈ రెండూ అట్ట మీద ఉంటే చాలు. మన దగ్గర అగస్త్యుడు, నాగార్జునుడు, ధన్వంతరి ఆ పని చేశారు.

ధన్వంతరి అంటే ఒక దొరగారి సంగతి గుర్తొస్తోంది. ఇందాక చెప్పిన కోట కళాశాలకు వెనుక ఉన్న పండితుడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమని 1816లోనే, క్యాంప్‌బెల్ వ్యాకరణానికి ముందుమాటలో నిరూపించినవాడు. ఆ రోజుల్లో మశూచికి టీకాలు కొత్త. జెన్నర్ తన పద్ధతిని ప్రకటించింది 1798లో. ఆవు పొక్కుల నుంచి తీసిన రసం ఒంట్లోకి ఎక్కించుకోవాలంటే జనం జంకారు. ఎల్లిస్ ఏం చేశాడంటే, ధన్వంతరిని పాత్రగా పెట్టి, గోమసూచికం మన ప్రాచీన విద్యే అన్నట్టు తమిళంలో ఒక కథ అల్లాడు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ తర్వాత టీకా మనకు పూర్వమే ఉందనే మాట పుస్తకం నుంచి పుస్తకానికి పాకింది. మంచి కోసం వేసిన దొంగ సంతకాన్ని కూడా తరవాతివాళ్ళు నిజం సంతకమనే చదువుతారు. ఇంకొక విచిత్రం వినండి. ఆ ఎల్లిస్ 1819లో రామనాథపురంలో చనిపోయాడు. కారణం, పొరపాటున విషం పుచ్చుకోవడం.

ఇక బెంగుళూరుకు వద్దాం. ఇక్కడి వెస్లియన్ మిషన్ అచ్చుకూటం కన్నడ అచ్చుకు పెద్ద దిక్కు. 1849లో సంస్కృతం, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలో భగవద్గీత వేసిందీ, 1858లో రీవ్ కన్నడ నిఘంటువును మళ్ళీ వేసిందీ అదే. కన్నడ అక్షరం, తెలుగు అక్షరం అక్కచెల్లెళ్ళు కదా. తలకట్టు దగ్గరా, కొన్ని హల్లుల దగ్గరా తేడా తప్ప ఒకటి వచ్చినవాడు రెండోది కూడబలుక్కుని చదివేస్తాడు. ఈ ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళలో రెండు లిపుల వైద్య పుస్తకాలూ ఒకే పెట్టెలో ఉండేవి. సౌకర్యమే, కానీ చిక్కూ అక్కడే.

ఒక ఉదాహరణ చెబుతాను. తెలుగులో శొంఠి అంటే ఎండినదే. పచ్చిదాన్ని అల్లం అంటాం. కన్నడంలో శుంఠి అంటే అల్లమూ అవుతుంది, శొంఠీ అవుతుంది. పచ్చిదని స్పష్టంగా చెప్పాలంటే “హసి” అని ముందు చేర్చాలి. కన్నడ పుస్తకం చూసి తెలుగు ఇల్లాలు కషాయం కాచినా, తెలుగు పుస్తకం చూసి కన్నడ అంగడిలో సరుకు అడిగినా ఏం చేతికొస్తుందో చెప్పలేం. శొంఠి కాబట్టి సరిపోయింది. అదే నాభి అయితే?

తూకాల సంగతి ఇంకా చిత్రం. పాత పుస్తకంలో “పలం” అని ఉంటుంది. సంస్కృత వైద్య గ్రంథాల లెక్కలో పలం అంటే నాలుగు కర్షలు, ఇప్పటి లెక్కలో దాదాపు 48 గ్రాములు. మద్రాసు బజారు లెక్కలో పలం అంటే మూడు తులాలు, 35 గ్రాములు. ఎనిమిది పలాలు సేరు, అయిదు సేర్లు వీశ. పుస్తకం రాసినవాడు ఏ పలం అనుకున్నాడు? శ్లోకంలో ఒకటి, కింద తెలుగు టీకలో మరొకటి అయితే? 1958లో మెట్రిక్ తూకాలు రావడం మొదలయ్యాక పుట్టినవాళ్ళకు ఈ రెండూ తెలియవు. మన పిల్లలకు గురివింద ఎత్తు అంటే గింజను నూరి వెయ్యమన్నారేమో అనిపించవచ్చు. గురివింద గింజ తూకానికే. పగలగొట్టి మింగితే అదీ విషమే.

1898లో బెంగుళూరుకు ప్లేగు వచ్చింది. పేటల్లో ఇరుకు సందులు ఖాళీ అయ్యాయి. జనం ఊరి బయట గుడిసెల్లో ఉన్నారు. బసవనగుడి, మల్లేశ్వరం పేటలు విశాలమైన వీధులతో పెరగడానికి ఆ భయమే ఊపిరి పోసింది. 1900లో విక్టోరియా ఆసుపత్రి తెరిచారు. ప్లేగు మారెమ్మ గుళ్ళు ఇప్పటికీ ఈ ఊళ్ళో ఉన్నాయి. మరి పాత పుస్తకాలు ప్లేగుకు ఏం చెప్పాయి? గడ్డ లేచే జ్వరాలకు లేపనాలు, కషాయాలు చెప్పాయి. ఎలుక మీది గోమారి కుట్టడం వల్ల ఇది పాకుతుందని పాల్ లూయీ సిమాండ్ కరాచీలో కనిపెట్టింది కూడా 1898లోనే. ఆ ముక్క ఏ తాటాకులోనూ లేదు. తెలుగు వైద్యులు మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఆయుర్వేదాశ్రమం నడిపిన దీవి గోపాలాచార్యులు గారు ప్లేగుకని హైమాది పానకం, శతధౌత ఘృతం తయారుచేశారు. ఆచంట లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదివి, ఆయుర్వేదమూ నేర్చి, అంటువ్యాధుల మీద తేలిక తెలుగులో పుస్తకం రాశారు. కందుకూరి వీరేశలింగం గారు ఆడవాళ్ళకోసం దేహారోగ్య ధర్మబోధిని రాశారు. ఇవి గుట్టు పుస్తకాలకు ఎదురు పుస్తకాలు. ఇందులో రహస్యమేమీ లేదు, నీళ్ళు కాచుకోండి, గాలి రానివ్వండి అని చెప్పేవి. నిజం చెప్పొద్దూ, చదవడానికి కాస్త చప్పగా ఉంటాయి. అయినా ఎక్కువ ప్రాణాలు నిలబెట్టినవి ఈ చప్పటి మాటలే అని నా నమ్మకం.

రహస్యమంటే రుచి ఎక్కువ అనడానికి మన మైసూరు రాజ్యమే సాక్ష్యం. మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి తంజావూరు జిల్లా పండితుడొకరు తెచ్చి ఇచ్చిన తాటాకుల్లో శామశాస్త్రి గారు కౌటిల్యుడి అర్థశాస్త్రాన్ని గుర్తించారు. మూలం 1909లో అచ్చయింది. ఇంగ్లీషు అనువాదం 1915లో మన బెంగుళూరు ప్రభుత్వ అచ్చుకూటంలోనే వెలువడింది. పన్నులు, గూఢచారులు, కోటలు అన్నీ అయ్యాక పద్నాలుగో అధికరణం వస్తుంది. దాని పేరు ఔపనిషదికం. శత్రువుకు పెట్టే విషపు పొగలు, పక్షం రోజులు ఆకలి లేకుండా ఉండే పిండి, చీకట్లో చూపునిచ్చే కాటుక, ఇవన్నీ అందులో ఉన్నాయి. మూడు రాత్రులు ఉపవాసముండి, పుష్యమి నాడు మనిషి పుర్రెలో మట్టి పోసి, యవలు చల్లి, పాలతో తడిపి, ఆ మొలకల దండ వేసుకుంటే ఎవరికీ కనబడడట! అంత లెక్కల మనిషి ఇది కూడా ఎందుకు రాశాడు? శత్రువు నమ్ముతాడని రాశాడా, తానే నమ్మాడా? చదివి చూడండి, మీకేమనిపిస్తుందో. సర్కారు అచ్చుకూటం మాత్రం పన్నుల లెక్కనూ, పుర్రె మొలకలనూ ఒకే అక్షరాలతో వేసేసింది.

మరొకటి కూడా ఇక్కడిదే. ఆనేకల్లులో నివసించిన సుబ్బరాయశాస్త్రి గారు భరద్వాజుడి విద్య అంటూ చెప్పి రాయించిన వైమానిక శాస్త్రం. 1974లో మన టాటా ఇన్‌స్టిట్యూట్, అంటే భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు ముకుంద గారు, మరి నలుగురు దాన్ని వాక్యం వాక్యం పరీక్షించారు. భాష చూశారు, బొమ్మలు చూశారు, లెక్కలు కట్టారు. ఇది 1904కు ముందుది కాదు, ఈ విమానాలు ఎగరవు అని తేల్చారు. వెక్కిరించి ఊరుకోకుండా ఓపికగా పరీక్షించారు చూడండి, గుట్టు పుస్తకానికి చెయ్యవలసిన మర్యాద అది.

అన్నట్టు, ఆ రోజుల్లో దొరతనం దేన్ని ప్రమాదమనుకుందో తెలుసా? పాదరసం తినమనే పుస్తకాన్ని కాదు. నంజనగూడులో పుట్టి, ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకున్న బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి వావిళ్ళవారి చేత వేయించారు. ఒక స్త్రీ శృంగారం రాసింది, మరొక స్త్రీ అచ్చు వేయించింది. 1911లో ప్రతులు పట్టుకున్నారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని నిషేధం పోలేదు. అంత కాలమూ మందు పుస్తకాలు సంతల్లో బెల్లం పక్కన అమ్ముడుపోయాయి. మాయమందుల ప్రకటనల మీద చట్టం రావడానికి 1954 దాకా ఆగవలసి వచ్చింది.

ఇంతసేపూ అపాయాలే చెప్పాను. అయితే ఈ పుస్తకాలు తగలబెట్టమంటారా అని మీరడగవచ్చు. వద్దు! పసుపు కథ వినండి. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి ఒక పేటెంటు ఇచ్చారు. దేనికి? గాయం మానడానికి పసుపు వాడడానికి! మా అమ్మమ్మ నేను మోకాలు కొట్టుకున్నప్పుడల్లా చేసిన పనికి. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి ఎదురు తిరిగింది. అమ్మమ్మలు చేసేవారంటే అక్కడ చెల్లదు. కాగితం కావాలి, అచ్చయిన కాగితం. సంస్కృతం, ఉర్దూ, హిందీల్లో మొత్తం 32 ఆధారాలు చూపారు, కొన్ని నూరేళ్ళు దాటినవి. 1997లో పేటెంటు రద్దయింది. 2001 నుంచి ఇలాంటి సంప్రదాయ జ్ఞానాన్ని కంప్యూటర్లలోకి ఎక్కించడమూ మొదలైంది. గుట్టు గుట్టుగానే ఉండి ఉంటే దాన్ని ఎవరైనా ఎత్తుకుపోగలిగేవారు. అచ్చెక్కింది కాబట్టి అందరిదీ అయింది, కాబట్టే ఏ ఒక్కడిదీ కాలేదు.

కనుక మీ అటక మీద అలాంటిది ఉంటే పాత కాగితాల వాడికి తూకానికి వెయ్యకండి. ఎండలో పెట్టకండి, నీడలోనే దులపండి. సెల్లోటేపు అసలు అతికించకండి, అది కాగితాన్ని చెదలు కంటే నెమ్మదిగా, అంతకంటే గట్టిగా తింటుంది. పేజీలన్నీ ఫోటో తీసి ఉంచండి. మార్జిన్లలో పెన్సిలుతో మీ పెద్దవాళ్ళు రాసుకున్నవి ఉంటాయి, “పని చేసింది”, “చెయ్యలేదు”, “పాపకు ఇచ్చాము” అని. అచ్చు ఇంకో ప్రతిలో దొరుకుతుంది, ఆ రాతలు దొరకవు. బెంగుళూరులో 1993 నుంచి స్థానిక వైద్య సంప్రదాయాల కోసం ప్రత్యేకంగా పనిచేస్తున్న సంస్థే ఉంది, అలాంటి చోట చూపించండి. మందు మాత్రం పుస్తకం చూసి మింగకండి. పాదరసం, మణిశిల, హరిదళం, నాభి, నేపాళం, జీడి గింజ, ఈ ఆరు మాటల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ పేజీ చదువుకోవడానికే. నాభిని ఉడకబెడితే దాని విషం చాలావరకు విరుగుతుందని రసాయన శాస్త్రమూ ఒప్పుకుంటుంది. కానీ ఎంతసేపు, ఏ మంట మీద? అది గురువు దగ్గర నేర్చుకున్న వైద్యుడి చెయ్యి చెప్పాలి.

మా పెద్ద పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. కిందటేడు అవెన్యూ రోడ్డులో అదే పుస్తకం ఇంకో ప్రతి కనబడింది. దానికీ తొలి పేజీ లేదు, కానీ మాకు లేని ఆ రెండు పేజీలూ ఉన్నాయి. నేపాళం శుద్ధి చేసే విధానం వరసగా, తప్పు లేకుండా ఉంది. ఇంటికి వచ్చి అమ్మమ్మ వేసిన కుట్టు కత్తెరతో విప్పాను. చెదలు తిన్న చోట ఆ రెండు పేజీల జిరాక్సు పెట్టాను. తర్వాత అదే పురికొసతో మళ్ళీ కుట్టేశాను.